రెండు డిస్కులు కర్నూలులో, ఒకటి అనంతపురంలో: ఇంటి స్టోరేజీ సర్వరు పని డైరీ

దశ 1: ముందు సరుకు లెక్క

ఎన్ని డిస్కులు కొనాలన్న ప్రశ్నకు ముందు, వాటిలో ఏం దాచాలో తేల్చుకోవలసి వచ్చింది. మా నాన్నకు కర్నూలు పాతబస్తీలో ఫొటో స్టూడియో ఉండేది. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీదికి వచ్చినప్పుడు స్టూడియోలో నీళ్లు పైకప్పుకు రెండడుగుల కింది దాకా నిలిచాయి. కింది అరల్లోని నెగెటివులు ఒకదానికొకటి అంటుకొని ముద్దయ్యాయి. కడిగి ఆరబెట్టగా దక్కినవాటిని రెండేళ్లుగా స్కాన్ చేస్తున్నాను. అవి ఇన్నాళ్లూ మూడు యూఎస్‌బీ డిస్కుల్లో, ఏది ఎక్కడుందో నాకే తెలియనట్టుగా పడి ఉన్నాయి.

ఒక్కో స్కాన్ ఎంత చోటు తీసుకుంటుందో ఇలా లెక్కించాను. 35 ఎంఎం నెగెటివును అంగుళానికి 3200 చుక్కల చొప్పున, ఒక్కో చుక్కకు 6 బైట్లతో స్కాన్ చేస్తే దాదాపు 82 ఎంబీ అవుతుంది. పాత చదరపు 6×6 నెగెటివైతే 299 ఎంబీ దాకా పోతుంది. మినీ డీవీ టేపు గంటకు 13 జీబీ.

1. 35 ఎంఎం నెగెటివులు 9,000: 738 జీబీ
2. 6×6 నెగెటివులు 2,400: 718 జీబీ, మొత్తం 1,456 జీబీ
3. పెళ్లి వీడియోలు 60 గంటలు: 780 జీబీ, మొత్తం 2,236 జీబీ
4. ఇంట్లో ఫోన్ల ఫొటోలు, కాగితాలు: 344 జీబీ, మొత్తం 2,580 జీబీ

ఏటా మరో 250 జీబీ చేరుతుందని అంచనా. అంటే ఐదేళ్లకు 3.83 టీబీ. ఈ ఒక్క అంకెను ముందే వేసుకొని ఉంటే తర్వాతి దశలో పోగొట్టుకున్న రెండు వారాలు మిగిలేవి.

దశ 2: మొదటి పథకం, దాన్ని కొట్టివేయడం

ఇంట్లో మూలనపడిన పాత ఆఫీసు డెస్క్‌టాప్‌లో నాలుగు 4 టీబీ డిస్కులు పెట్టి, జెడ్‌ఎఫ్‌ఎస్ (అనేక డిస్కులను కలిపి నడిపే ఫైలు వ్యవస్థ) కింద రెయిడ్‌జెడ్1గా కలుపుదామని మొదటి పథకం. మూడు డిస్కుల చోటు దక్కుతుంది, నాలుగింటిలో ఏ ఒక్కటి చెడినా సరుకు నిలుస్తుంది. కాగితం మీద ఇంతకన్నా లాభసాటి ఏర్పాటు కనిపించలేదు. తక్కువ ధరకు వస్తున్నాయని మొదట రెండు డిస్కులు తెప్పించాను.

పెట్టె మూత విప్పి చూసిన రోజే మొదటి తప్పు బయటపడింది. మదర్‌బోర్డు మీద డిస్కులు తగిలించే సాటా పోర్టులు నాలుగే. అందులో ఒకటి ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న ఎస్‌ఎస్‌డీకి పోగా మిగిలేవి మూడు. వేరే కార్డు వేసి పోర్టులు పెంచుకోవచ్చు గాని, అది మరొక ఖర్చు, చెడిపోయేందుకు మరొక భాగం. డిస్కులు కొనే ముందు పోర్టులు, పవర్ సప్లై నుంచి వచ్చే సాటా కనెక్టర్లు, డిస్కులు బిగించే గూళ్లు, ఈ మూడింటినీ లెక్కపెట్టుకోవాలి. నేను గూళ్లను మాత్రమే లెక్కపెట్టాను.

రెండో తప్పు ఇంకా పెద్దది. ఆ రెండు డిస్కులనే మిర్రర్‌గా (రెండింటిలోనూ ఒకే సరుకు ఉండేలా) కలిపి, 2.2 టీబీ నింపి, ఒక డిస్కును తుడిచేసి మళ్లీ చేర్చాను. చెడిన డిస్కు స్థానంలో కొత్తది పెడితే అంతా తిరిగి రాయడానికి ఎంత సమయం పడుతుందో చూడడం ఉద్దేశం. మొదటి అరగంట సెకనుకు 140 ఎంబీ వేగంతో సాగిన రాత, ఆ తర్వాత 12కూ 30కీ మధ్యకు పడిపోయింది. పూర్తి కావడానికి 41 గంటలు పట్టింది. సగటు సెకనుకు 15 ఎంబీ. ఆ 41 గంటల్లో రెండో డిస్కుకు ఏమైనా జరిగితే సరుకు పోయినట్టే.

కారణం ఎస్‌ఎంఆర్. ఈ రకం డిస్కులో రాత జాడలు ఇంటి పైకప్పు పెంకుల్లా ఒకదాని అంచు మీద మరొకటి ఎక్కి ఉంటాయి. చోటు కలిసొస్తుంది, కాని మధ్యలో ఒక జాడను తిరగరాయాలంటే దాని మీదికి ఎక్కిన పక్క జాడలను కూడా తిరగరాయక తప్పదు. డిస్కు తన దగ్గరున్న కొద్దిపాటి వేగవంతమైన చోటులో రాతను తాత్కాలికంగా దాచుకుంటుంది. అది నిండగానే వేగం కూలుతుంది. జాడలు విడివిడిగా ఉండే మామూలు రకాన్ని సీఎంఆర్ అంటారు. నెట్‌వర్క్ స్టోరేజీకని అమ్మే డిస్కుల్లో కూడా కొన్ని ఎస్‌ఎంఆర్ రకమేనని, ఆ మాట చెప్పకుండానే అమ్మారని 2020లో బయటపడింది. కాబట్టి డబ్బా మీది మాటను నమ్మకుండా, ఆ మోడల్ నంబరుకు తయారీదారు ఇచ్చిన సాంకేతిక పత్రాన్ని చూడడమే దారి. డిస్కు స్థితిని చూపే స్మార్ట్‌సీటీఎల్ అనే సాఫ్ట్‌వేరు వివరాల్లో ఒక తిరిగే హార్డ్ డిస్కుకు ట్రిమ్ (ఖాళీ అయిన చోటును డిస్కుకు తెలిపే) సౌకర్యం ఉందని కనిపిస్తే, అది ఎస్‌ఎంఆర్ కావచ్చునని అనుమానించాలి. నా రెండు డిస్కుల్లోనూ ఆ వరుస ఉంది. కొన్న రోజే చూసి ఉండవలసింది.

దుకాణంవారు తిరిగి తీసుకోలేదు. ఆ రెండు డిస్కులను అటక ఎక్కించాను. వాటికి వేరే పని తర్వాత దొరికింది.

ఖర్చు: ర్యామ్ 16 జీబీ 2,600, ఎస్‌ఎస్‌డీ 1,700, 4 టీబీ డిస్కులు రెండు 15,000. ఇప్పటిదాకా రూ. 19,300.

దశ 3: రెండో పథకం

ఈసారి కాగితం మీద నాలుగు ఏర్పాట్లను పక్కపక్కన రాసుకున్నాను.

1. 4 టీబీ డిస్కులు నాలుగు, రెయిడ్‌జెడ్1: 12 టీబీ దక్కుతుంది, ఏదైనా ఒకటి చెడవచ్చు, నాలుగు పోర్టులు కావాలి.
2. అవే నాలుగు, రెయిడ్‌జెడ్2: 8 టీబీ, ఏవైనా రెండు చెడవచ్చు, నాలుగు పోర్టులు.
3. అవే నాలుగు, రెండు మిర్రర్ జతలు: 8 టీబీ, జతకు ఒకటి చొప్పున చెడవచ్చు, నాలుగు పోర్టులు.
4. 8 టీబీ డిస్కులు రెండు, ఒకే మిర్రర్: 8 టీబీ, ఒకటి చెడవచ్చు, రెండు పోర్టులు.

వీటి పక్కన మరో జాబితా రాశాక గాని నిర్ణయం కుదరలేదు. నేను దేనికి భయపడుతున్నానో రాసుకున్నాను: డిస్కు చెడిపోవడం, కరెంటు, ఎండ, నా చేతి పొరపాటు, దొంగతనం, వరద. పై నాలుగు ఏర్పాట్లూ ఈ ఆరింటిలో మొదటి దానికి మాత్రమే జవాబు. రెయిడ్‌జెడ్2లో రెండు డిస్కులు చెడినా తట్టుకుంటుందంటే వినడానికి గొప్పగానే ఉంటుంది. నాలుగు డిస్కులూ ఒకే పెట్టెలో, ఒకే గదిలో ఉన్నప్పుడు నీళ్లు వస్తే నాలుగూ కలిసే మునుగుతాయి. కాబట్టి పెట్టెలో రెండు డిస్కులు చాలనుకున్నాను. మిగిలిన డబ్బూ శ్రద్ధా పెట్టె బయటికి మళ్లించాలి.

నాలుగో ఏర్పాటు ఎంచుకోవడంతో ఒక పోర్టు ఖాళీగా మిగిలింది. దానికి ఆ పాత 4 టీబీ డిస్కుల్లో ఒకటి తగిలించి నకలు తీయవచ్చు, తీసిన నకలును వేరే ఊరికి, అనంతపురంలోని అక్క ఇంటికి పంపవచ్చు. ఒక్కసారిగా వరుసగా రాసి పక్కన పెట్టే నకలుకు ఎస్‌ఎంఆర్ నెమ్మదితనం పెద్ద అడ్డు కాదు.

చోటు పెంచుకోవడం గురించి ఒక మాట. 2025 జనవరిలో వచ్చిన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3 నుంచి రెయిడ్‌జెడ్ గుంపుకు ఒక్కొక్క డిస్కునే చేర్చే వీలుంది. అయితే అప్పటికే ఉన్న సరుకుకూ దాని రక్షణకు పోయే చోటుకూ మధ్య నిష్పత్తి, తిరగరాసేదాకా పాతదే ఉంటుంది. మిర్రర్‌లో ఆ చిక్కు లేదు; రెండు డిస్కులనూ ఒకదాని తర్వాత ఒకటి పెద్దవాటితో మార్చి, పూల్‌ను (డిస్కులన్నీ కలిసిన ఉమ్మడి చోటును) విస్తరించితే సరిపోతుంది.

రెండు 8 టీబీ డిస్కులు, రెండూ సీఎంఆర్ అని పత్రంలో చూసుకొని, ఒకటి కర్నూలు దుకాణంలో, మరొకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. ఒకే రోజు ఒకే గుత్తిలో తయారైనవి కలిసి చెడే అవకాశం తగ్గాలని ఇలా చేశాను. తయారీ తేదీల్లో ఐదు నెలల తేడా ఉంది.

ఖర్చు: 19,200 + 18,700. ఇప్పటిదాకా రూ. 57,200.

ఇంకో సంగతి: 8 టీబీ డిస్కును కంప్యూటరు 7.27గానే చూపుతుంది. ఏదీ తగ్గలేదు, తయారీదారు వెయ్యితో, కంప్యూటరు 1024తో గుణిస్తాయి. నా 2.58 టీబీ సరుకు అందులో 32 శాతం, ఐదేళ్ల తర్వాత 48 శాతం. పూల్ 80 శాతం దాటకుండా చూసుకోవడం మంచిది కాబట్టి ఇది చాలు.

దశ 4: డిస్కులను పరీక్షించడం

కొత్త డిస్కులను వాడకంలో పెట్టే ముందు బ్యాడ్‌బ్లాక్స్ అనే పరీక్ష సాఫ్ట్‌వేరుతో డిస్కంతా రాసి, చదివించాను. ఇది నాలుగు రకాల నమూనాలను రాసి, ప్రతిదాన్నీ తిరిగి చదువుతుంది. మొత్తం ఎనిమిది చుట్లు. సెకనుకు సగటున 150 ఎంబీ చొప్పున ఒక్కో చుట్టుకు 14.8 గంటలు, మొత్తం సుమారు 118 గంటలు.

మొదటి ప్రయత్నం ఒక్క క్షణంలోనే ఆగిపోయింది. చివరి బ్లాకు సంఖ్య 7,814,026,584 అని చూపి, అది 32 బిట్లలో పట్టదని తిరస్కరించింది. 1024 బైట్ల బ్లాకుతో లెక్కిస్తే వచ్చే చిక్కు ఇది. బ్లాకు పరిమాణాన్ని 4096గా ఇచ్చాక సంఖ్య 1,953,506,646కు తగ్గి, పని మొదలైంది. 4 టీబీ డిస్కులకు ఈ సమస్య ఎదురుకాదు.

రెండో ప్రయత్నం 57వ గంటలో, నాలుగో చుట్టు ముగియబోతుండగా, కరెంటు పోయి ఆగిపోయింది. ఇన్వర్టరు అందుకుంది, ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు కనీసం రెప్ప వేయలేదు. సర్వరు మాత్రం ఆరి మళ్లీ వెలిగింది. ఆ సంగతి తర్వాతి దశలో చెబుతాను.

మూడో ప్రయత్నంలో రెండో డిస్కుకు స్మార్ట్ వివరాల్లో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కల్లో) 199వ వరుస, అంటే కేబులులో రవాణా లోపాల లెక్క, సున్నా నుంచి 214కు పెరిగింది. డిస్కు చెడ్డదని తిప్పి పంపబోయి ఆగాను. 5, 197, 198 వరుసలు డిస్కు పళ్లెం ఆరోగ్యాన్ని చెబుతాయి. అవి మూడూ సున్నాలోనే ఉన్నాయి. 199 పెరిగితే ముందు సాటా కేబులును అనుమానించాలి. పాత కేబులు తీసి కొత్తది వేశాక లెక్క 214 దగ్గరే నిలిచిపోయింది. ఈ లెక్క తిరిగి సున్నాకు రాదు కాబట్టి, డిస్కు మీద చిన్న చీటీ అంటించి ఆ సంఖ్యను రాసిపెట్టాను.

పోయిన సమయం: ఎస్‌ఎంఆర్ పరీక్ష 41 గంటలు, కరెంటు 57 గంటలు. మొత్తం 98 గంటలు.

దశ 5: కరెంటు

ఇంటి ఇన్వర్టరు కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి మామూలు పద్ధతిలో తీసుకునే వ్యవధి ఫ్యాను గమనించదు, కంప్యూటరు గమనిస్తుంది. ఇన్వర్టరు వెనక యూపీఎస్ పద్ధతికి మార్చే మీట ఉంది, మార్చాను. పది సార్లు మెయిన్ ఆపి చూస్తే పది సార్లూ సర్వరు నిలిచింది. సమస్య తీరిందని రెండు రోజులు అనుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం ఇన్వర్టరు బ్యాటరీ అయిపోతున్నదని కూత పెట్టింది. చూస్తే కరెంటు పోనేలేదు. మల్టీమీటరుతో కొలిస్తే గోడ సాకెట్టులో 172 నుంచి 178 వోల్టులు ఉన్నాయి. యూపీఎస్ పద్ధతిలో ఇన్వర్టరు తక్కువ వోల్టేజీని ఒప్పుకోదు, అంతకంటే బ్యాటరీయే నయమనుకుంటుంది. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో మా వీధిలో వోల్టేజీ రెండు గంటల నుంచి నాలుగున్నర దాకా ఈ స్థాయిలోనే ఉంటుంది, కాబట్టి ఇల్లంతా రోజూ బ్యాటరీ మీద నడిచింది. సర్వరును కాపాడబోయి రాత్రి ఫ్యాన్లకు బ్యాటరీ లేకుండా చేశానని ఇంట్లో మాట పడ్డాను.

చేసిన మార్పులు:

1. ఇన్వర్టరును తిరిగి మామూలు పద్ధతికి మార్చాను.
2. సర్వరుకు మాత్రం 1000 వీఏ లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ పెట్టాను. ఇది తక్కువ వోల్టేజీని బ్యాటరీ వాడకుండానే పెంచి ఇస్తుంది.
3. యూపీఎస్ యూఎస్‌బీ తీగను సర్వరుకు కలిపి, బ్యాటరీ 40 శాతానికి పడిపోగానే సర్వరు తనంత తానే పద్ధతిగా ఆగిపోయేలా నట్ అనే సాఫ్ట్‌వేరును అమర్చాను.
4. కరెంటు తిరిగి రాగానే లేచేలా బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) మార్చాను. మొదట ఇది మరిచిపోవడం వల్ల ఒక రాత్రంతా సర్వరు నిద్రపోయింది.

ప్లగ్గు మీటరు లెక్క: డిస్కులు ఊరికే తిరుగుతున్నప్పుడు 38 వాట్లు. నెలకు 27 యూనిట్లు.

ఖర్చు: యూపీఎస్ 6,900. ఇప్పటిదాకా రూ. 64,100.

దశ 6: ఎక్కడ పెట్టాలి

2009ని చూసినవాడిగా నేను పెట్టెను మొదట అటక మీద పెట్టాను. మే మొదటి వారంలో బయట 41 డిగ్రీలు ఉన్న రోజు డిస్కుల వేడి కొలిస్తే పైది 58, కిందది 56. ఈ డిస్కుల పత్రంలో గరిష్ఠ పరిమితి 65 అని ఉన్నా, స్లాబు కింద ఆ మూల సాయంత్రం ఏడు దాటినా చల్లారలేదు. నీళ్లకు భయపడి పైకెక్కిస్తే ఎండకు చిక్కింది.

పెట్టెను ఎత్తులో ఉంచి వరద నుంచి కాపాడాలన్న ఆలోచననే వదులుకున్నాను. వరద పని అనంతపురం డిస్కుది. ఈ పెట్టె పని చల్లగా, కదలకుండా నడవడం. ఉత్తరపు గోడకు నడుము ఎత్తున కడప బండ అర ఒకటి పెట్టించి, దాని మీద ఉంచాను. రేకు టేబులు మీద వినిపించిన గుర్రుమనే శబ్దం బండ మీద వినపడలేదు.

ఒకే రోజు మధ్యాహ్నం మూడు గంటల వేళ కొలతలు:

1. బండ మీద, డిస్కులు పక్కపక్క గూళ్లలో: 52, 51 డిగ్రీలు
2. డిస్కుల మధ్య ఒక గూడు ఖాళీ వదిలాక: 48, 48
3. ముందువైపు 120 ఎంఎం ఫ్యాను పెట్టాక: 43, 42

ఫ్యాను ముందు జాలీకి పక్షానికొకసారి బ్రష్షు వేయాలి. ఒక నెల మరిచిపోతే వేడి మూడు డిగ్రీలు పెరిగింది.

ఖర్చు: ఫ్యాను, కేబుళ్లు 950, బండ, కూలి 800. ఇప్పటిదాకా రూ. 65,850.

దశ 7: పూల్ కట్టడం, కావాలని చెడగొట్టడం

1. డిస్కులను కంప్యూటరు తానుగా ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లతో కాకుండా సీరియల్ నంబరుతో ఉండే పేర్లతో చేర్చాలి. కేబులు మార్చిన మర్నాడు నా ఎస్‌డీబీ ఎస్‌డీసీగా మారింది.
2. యాష్‌షిఫ్ట్ (పూల్ ఒకసారికి రాసే కనీస ముక్క పరిమాణం) విలువ 12 ఇవ్వాలి. 4096 బైట్ల సెక్టారుకు ఇది సరిపోతుంది, తర్వాత మార్చే వీలులేదు.
3. ఎల్‌జెడ్4 కుదింపు పెట్టాలి. స్కాన్లకు పెద్దగా తగ్గలేదు, 4 శాతమే. కాని నష్టమూ లేదు.
4. నెలకొక స్క్రబ్ (సరుకంతా చదివి లోపాలు వెతకడం), రాత్రి పదకొండుకు మొదలయ్యేలా పెట్టాలి. మధ్యాహ్నం పెడితే వేడి నాలుగు డిగ్రీలు పెరుగుతుంది.

సరుకంతా ఎక్కించాక ఒక డిస్కు తీసి, పూర్తిగా తుడిచి, కొత్తదన్నట్టు చేర్చాను. పూల్ లోపభూయిష్టమని చూపుతూనే ఫైళ్లు తెరుచుకున్నాయి. తిరిగి రాయడం 5 గంటల 20 నిమిషాల్లో, సెకనుకు 134 ఎంబీ సగటుతో ముగిసింది. జెడ్‌ఎఫ్‌ఎస్ ఖాళీ చోటును వదిలి ఉన్న సరుకును మాత్రమే రాస్తుంది కాబట్టి, పూల్ నిండే కొద్దీ ఈ సమయం పెరుగుతుంది. 41 గంటల పక్కన పెట్టి చూస్తే డిస్కు రకం ఎంత తేడా చేస్తుందో తెలుస్తుంది.

దశ 8: నా చేతి పొరపాటు

ఆరో వారంలో స్కానర్ కంప్యూటరు నుంచి ఆర్‌సింక్ అనే నకలు తీసే సాఫ్ట్‌వేరుతో ఫైళ్లు పంపుతూ, మూలంలో లేనివాటిని గమ్యంలో తొలగించే ఐచ్ఛికం పెట్టి, ఖాళీ ఫోల్డరును మూలంగా ఇచ్చాను. 1994 పెళ్లిళ్ల ఫోల్డరు మొత్తం పోయింది. మిర్రర్ తన పని తాను నిక్కచ్చిగా చేసింది. రెండు డిస్కుల్లోనూ ఒకే క్షణంలో చెరిపింది.

స్నాప్‌షాట్లు (ఒక క్షణంలో ఫైళ్లు ఎలా ఉన్నాయో అలాగే నిలిపి ఉంచేవి) రేపు పెడదాం, ఎల్లుండి పెడదాం అని అప్పటికి మూడు వారాలు గడిపాను. అదృష్టవశాత్తు 4 టీబీ డిస్కులో మూడు రోజుల కిందటి నకలు ఉంది, ఆ డిస్కు ఇంకా అనంతపురం బయలుదేరలేదు. ఫోల్డరు తిరిగి వచ్చింది. ఆ మూడు రోజుల్లో స్కాన్ చేసిన 212 నెగెటివులను మాత్రం ఒక్కోదానికి మూడు నిమిషాల చొప్పున మళ్లీ స్కాన్ చేశాను. దాదాపు పదకొండు గంటలు. పోయిన సమయం మొత్తం 109 గంటలు.

ఆ రాత్రే గంటకొకటి చొప్పున 24, రోజుకొకటి చొప్పున 30, నెలకొకటి చొప్పున 12 స్నాప్‌షాట్లు నిలిచేలా పెట్టాను. ఇప్పటిదాకా అవి తిన్న చోటు 31 జీబీ. ఆర్‌సింక్ తొలగింపు ఐచ్ఛికాన్ని ముందు ఉత్తుత్తిగా నడిపి చూడకుండా వాడడం మానుకున్నాను.

దశ 9: అనంతపురం డిస్కు

నాలుగో పోర్టుకు 4 టీబీ డిస్కు తగిలించి, దాని మీద గూఢలిపితో ఒక పూల్ కట్టి, జెడ్‌ఎఫ్‌ఎస్ సెండ్‌తో స్నాప్‌షాట్‌ను పంపాను. తాళపు మాట డిస్కుతోపాటు పంపలేదు. అక్క దగ్గర ఒక కాగితం మీద వేరుగా ఉంది. 2.58 టీబీ రాయడానికి 31 గంటలు పట్టింది, సెకనుకు 23 ఎంబీ. ఆ తర్వాత నెలనెలా చేరే 20 జీబీ చిల్లరకు పావుగంట చాలు. దీన్ని ఇంటర్నెట్ ద్వారా పంపి ఉండవచ్చు. నా కనెక్షను ఎక్కింపు వేగం 20 మెగాబిట్లు, అంటే 12 రోజులు పట్టేది. ఆర్టీసీ బస్సులో అనంతపురానికి నాలుగు గంటలనుకున్నా, సెకనుకు 1.4 గిగాబిట్లు పడుతుంది.

రెండు 4 టీబీ డిస్కులూ వంతులవారీగా తిరుగుతాయి: ఒకటి ఇక్కడ నకలు తీసుకుంటుండగా మరొకటి అక్కడ ఉంటుంది. అక్కకు ఫోన్ చేసి ఎక్కడ పెట్టావని అడిగితే, "బీరువాలో పట్టుచీరల కింద పెట్టినాను, ఏం కాదులేరా" అంది. ఫ్రిజ్ పైన పెట్టలేదు కాబట్టి నేనూ సరేనన్నాను. స్థిరవిద్యుత్తు తగలని కవరు, తేమ పీల్చే పొట్లం, నురుగు పొదిగిన గట్టి డబ్బా వేసి పంపాను. డబ్బా 450. మొత్తం ఖర్చు రూ. 66,300.

మొదటి డిస్కు తిరిగి వచ్చినప్పుడు దాని మీద స్క్రబ్ నడిపాను, లోపాలు సున్నా. వేర్వేరు ఫోల్డర్ల నుంచి వంద ఫైళ్లు బయటికి తీసి, సర్వరులోని వాటితో చెక్‌సమ్‌లు (ఫైలులోని సరుకు నుంచి లెక్కగట్టే సంఖ్యలు) పోల్చాను. వందా కలిశాయి. తిరిగి తీసి చూడనిదాన్ని నకలు అనడం నాకు ఇష్టం లేదు, కాబట్టి ప్రతి మార్పిడికీ ఈ వంద ఫైళ్ల పని ఉంటుంది.

ఇప్పుడున్న చిక్కు ఒకటి. సర్వరు ఐదేళ్ల తర్వాత కూడా సగమే నిండుతుంది గాని, 4 టీబీ డిస్కులు ఏటా 250 జీబీ చొప్పున సుమారు నాలుగేళ్లకు 3.6 టీబీకి చేరతాయి. ముందు మార్చవలసినవి అవే. అప్పుడు ఒక 8 టీబీ డిస్కు కొని దాన్ని మిర్రర్‌లో చేర్చి, మిర్రర్‌లోని పాతదాన్ని అనంతపురానికి పంపాలని డిస్కు మీది చీటీలో 214 కింద రాసిపెట్టాను.